నీళ్లు తాగిన కొండ

2024 ఆగస్టు 31, శనివారం. బంగాళాఖాతంలో వాయుగుండం, బెజవాడలో ఎడతెరిపి లేని వాన. ఆ ఉదయం మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియ విరిగి ఇళ్ల మీద పడింది. బండరాళ్ల కింద చిక్కుకుని కొందరు ప్రాణాలు కోల్పోయారు. మర్నాటికి బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి రికార్డుకెక్కింది. దాంతో రాష్ట్రమంతా వరద గురించే మాట్లాడుకుంది. కొండ సంగతి వెనక్కిపోయింది.

అలా పోకూడదు. వరద ఎందుకొచ్చిందో ఎవరినడిగినా చెబుతారు: ఎగువన కురిసిన నీళ్లు దిగువకొచ్చాయి. కొండ విషయం అంత తేలిగ్గా తేలదు. ఆ రాళ్లు తరతరాలుగా అక్కడే ఉన్నాయి, ఎన్నో తుపాన్లు చూశాయి, కదల్లేదు. మరి ఆ ఉదయమే ఎందుకు కదిలాయి? కొండ ఏ వానను తట్టుకుంటుంది, ఏ వానకు జారుతుంది అనేది ముందే పసిగట్టే వీలుందా?

ఈ ప్రశ్న మీద ప్రపంచంలో అందరికంటే పట్టుదలగా పనిచేసినవాళ్లు మంచుకొండల దగ్గర ఉన్నారు. కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకుని మంచువాలు మీద జారడం స్కీయింగ్ అని తెలిసిందే. సియాటిల్, డెన్వర్ లాంటి ఊళ్లలో స్థిరపడిన మనవాళ్ల పిల్లలకు అది ఇప్పుడు మామూలు వారాంతపు ఆట. అయితే రిసార్టు హద్దు దాటి, రోప్‌వే లేని, ఎవరూ చదును చేయని కొండల్లోకి సొంత కాళ్ల మీద ఎక్కి, అక్కడినుంచి జారి దిగేవాళ్లు కొందరుంటారు. ఎంత బాగా జారడం వచ్చినా సరే, ఆ దారి పట్టేవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది మంచుచరియల చదువు.

మంచుచరియల్లో స్థూలంగా రెండు జాతులు. ఒకటి పొడిది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, పంతొమ్మిది వేల అడుగులకు పైన ఉన్న సోనమ్ పోస్టు మీద విరుచుకుపడి 19వ మద్రాస్ బెటాలియన్‌కు చెందిన పదిమంది సైనికులను బలిగొన్నది ఆ గడ్డకట్టిన చలిలో పుట్టినదే. మృతుల్లో కర్నూలు జిల్లావాసి సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. అలాంటి చోట నీటిబొట్టు ప్రమేయం ఉండదు. కొత్త మంచు బరువు, గాలి పేర్చిన పొర, అడుగున బలహీనమైన పొర, ఇవే కారణాలు. గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది.

రెండోది తడి మంచుచరియ. మనకు కావలసిన పాఠం దీంట్లో ఉంది. ఇది చలికాలం చివర, వసంతం మొదట్లో, ఎండెక్కిన మధ్యాహ్నాల్లో, లేదా మంచు మీద వాన కురిసినప్పుడు పుడుతుంది. వేగం తక్కువే. కానీ బరువు ఎక్కువ. ఒక ఘనపు మీటరు తడి మంచు మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది. ఆగిన మరుక్షణం గట్టిపడిపోతుంది, కూరుకున్న మనిషిని పారతో తవ్వి తీయడమే కష్టం.

మంచు మీద వాన పడితే ఆ వాన వేడికి మంచు కరిగిపోయి జారుతుందని అనుకుంటాం. లెక్క వేస్తే అలా రాదు. గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలి. పది డిగ్రీల వేడిమితో పది మిల్లీమీటర్ల వాన పడితే, ఆ నీరు తన వేడినంతా మంచుకు ధారపోసినా కరిగేది 1.25 మిల్లీమీటర్ల నీటికి సమానమైన మంచు మాత్రమే. అంటే వాన మంచును కరిగించి పడగొట్టడం లేదు. లోపలికి దిగి, రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న పట్టును వదిలిస్తోంది. బెజవాడ కొండకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. వాన మట్టిని కోసుకుపోవడం పైకి కనిపించే నష్టం. అసలు నష్టం లోపల జరుగుతుంది.

ఆ పట్టు ఎలా వదులుతుందో కృష్ణ ఒడ్డున ఇసుకలో పిచ్చుకగూడు కట్టిన ఏ పిల్లవాడికైనా చేతికి తెలుసు. పొడి ఇసుకతో గూడు నిలబడదు, సుమారు 34 డిగ్రీల వాలు దాటితే జారిపోతుంది. కాస్త తడిపితే నిటారుగా నిలుస్తుంది. రేణువుల మధ్య సన్నని నీటిపొర వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. అదే ఇసుకను నీళ్లతో ముంచేస్తే? మొత్తం చతికిలబడుతుంది. మధ్యలో గాలి ఉన్నంతసేపే ఆ లాగుడు ఉంటుంది. గాలి పోయి ఖాళీలన్నీ నీటితో నిండాక, నీరు రేణువులను కలపడం మాని విడదీయడం మొదలుపెడుతుంది. మంచులోనూ సరిగ్గా ఇదే. కొంచెం తడిసిన మంచు చక్కగా ఉండ కడుతుంది. తడి ఎక్కువయ్యేకొద్దీ రేణువుల మధ్య అతుకులే కరిగిపోయి, ఉండ ముద్దగా మారి జారుతుంది.

ఈ విడదీసే పనికి లెక్క కట్టినవాడు కార్ల్ టెర్జాగీ. 1883లో ప్రాగ్‌లో పుట్టాడు, 1925లో అచ్చయిన పుస్తకంతో మట్టి యాంత్రికశాస్త్రానికి పునాది వేశాడు. ఆయన చెప్పింది ఒక్క వాక్యం: మట్టిని నిలబెట్టేది మొత్తం బరువు కాదు, అందులోంచి నీటి ఒత్తిడి తీసేస్తే మిగిలేది. ఒక మీటరు మందం మట్టి నీళ్లతో నిండి ఉంటే, చదరపు మీటరుకు సుమారు రెండు టన్నుల బరువుంటుంది. దాంట్లో ఒక టన్ను నీరే మోసేస్తుంది. మట్టిరేణువులు ఒకదాన్నొకటి నొక్కి పట్టుకోవడానికి మిగిలింది సగమే. పొడిగా 34 డిగ్రీల దాకా నిలిచే ఇసుక, నీళ్లు నిండి లోపల్లోపలే వాలు వెంట పారుతుంటే 18, 19 డిగ్రీల దగ్గరే జారిపోగలదు. కొండ వాలు మారలేదు, మట్టి మారలేదు, ఎవరూ తొయ్యలేదు. అయినా నిన్న నిలబడ్డది ఇవాళ జారింది.

డెల్టా రైతుకు ఈ సూత్రం వేరే రూపంలో పాత పరిచయమే. కాలవ నిండుగా ఉన్నంతకాలం గట్టు బాగానే ఉంటుంది. నీళ్లు ఒక్కసారిగా దించేసినప్పుడు లోపలివైపు గట్టు ముక్కలు ముక్కలుగా జారుతుంది. కాలవలో నీరు పోయింది, గట్టు కడుపులో చేరిన నీరు ఇంకా పోలేదు, ఎదురొత్తు ఇచ్చేది లేదు. వరదల్లో కరకట్ట మీద రాత్రిళ్లు లాంతరు పట్టుకుని తిరిగినవాళ్లు వెతికింది కూడా నీరు లోపల చేసే పనినే. ఎక్కడ బుంగ పడింది, ఎక్కడ జాలు కారుతోంది, కారే నీరు తేటగా ఉందా, మట్టి తెస్తోందా అనే చూసేవాళ్లు. 2024లో బుడమేరుకు మూడు చోట్ల గండ్లు పడి, వాటిని పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చినప్పుడు గట్ల గురించి ఎంతో చర్చ జరిగింది. ఆ చర్చ కొండల దాకా వచ్చి ఉంటే బాగుండేది. రెండు చోట్లా దోషి ఒకటే.

అయితే నీరు ఎంత దిగింది అన్నదానికంటే ఎక్కడ ఆగింది అన్నది ముఖ్యం. మంచు ఏకఖండం కాదు, ఒక్కో హిమపాతానికి ఒక్కో పొర. మధ్యలో ఎప్పుడో కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచుపెంకు ఉంటుంది. పైనుంచి దిగిన నీరు ఆ పెంకు దగ్గర ఆగి, పక్కలకు పరుచుకుంటుంది. అప్పుడు పైపొర మొత్తం ఆ నీటిమీద కూర్చున్నట్టవుతుంది. ఎక్కడో ఒకచోట పట్టు తెగితే కొండంత వెడల్పున పలకలాగా కదిలిపోతుంది. మంచును ఎరిగినవాళ్లు అందుకే గొయ్యి తవ్వి, పొరలు లెక్కబెట్టి, గుప్పెడు తీసి పిండి చూస్తారు. నీరు కారితే వెనక్కి తిరుగుతారు.

బెజవాడ కొండల్లో ఆ పెంకు ఏది? ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు తూర్పు కనుమల శ్రేణిలోవి. వీటిలో ప్రధానమైన రాయి ఖోండలైట్. తూర్పు కనుమల ఖోండు గిరిజనుల పేరు మీదే భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్ కలిసిన రాయి ఇది. కొత్తగా ఉన్నప్పుడు గట్టిదే. కానీ ఎండావానల్లో నానేకొద్దీ ఫెల్డ్‌స్పార్ మెత్తబడి తెల్లటి బంకమన్నుగా మారుతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబారుతుంది. కొండ కోసిన చోట ఎర్రమట్టి మధ్యలో తెల్లని చారలు కనిపించేది అందుకే. ఒక గడ్డ తీసి వేళ్ల మధ్య నలిపితే ఇసుక గరగరలాడుతూ ఉండగానే బంక వేలికి అంటుకుంటుంది. మొగల్రాజపురం గుహాలయాలను ఒకప్పుడు ఈ కొండలోనే తొలిచారంటే, ఉలికి లొంగే గుణం దీనికి ఉందనే కదా.

ఈ అరుగుదల అన్నిచోట్లా ఒకేలా సాగదు. చీలికల వెంట లోతుగా దిగుతుంది, చీలికల మధ్యనున్న రాయి గుండ్రంగా మిగిలిపోతుంది. ఫలితం: మెత్తటి మట్టిలో పొదిగిన పెద్ద పెద్ద గుండ్లు. కింద ఇంకా అరగని రాతినేల. వాననీరు మట్టిలోంచి గబగబా దిగి, ఆ రాతినేల దగ్గరో, చీలికల్లో నిండిన బంక దగ్గరో ఆగుతుంది. మంచుపెంకు చేసే పనిని ఇక్కడ ఈ రాయీ, ఈ బంకా చేస్తాయి. దానికి తోడు మే నెల ఎండ. పగలు కాలి, రాత్రి చల్లబడే రాతి పైపొర ఏళ్ల తరబడి వ్యాకోచించి, సంకోచించి బీటలిస్తుంది. చెట్ల వేళ్లు ఆ బీటల్ని వెడల్పు చేస్తాయి. వాన పడ్డప్పుడు బీట నీటితో నిండుతుంది. ఇక్కడ భౌతికశాస్త్రం చెప్పే మాట చాలామందికి నమ్మబుద్ధి కాదు. బీట వెడల్పుతో నిమిత్తం లేదు. వేలెడు సందు అయినా సరే, అయిదు మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే అడుగుభాగంలో చదరపు మీటరుకు 5 టన్నుల ఒత్తిడి బండను బయటికి తోస్తుంది. గట్టిగా కనిపించే బండ హఠాత్తుగా ఊడిపడటం వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి సన్నని నీటిగోడే.

2020 అక్టోబరు 21న ఇంద్రకీలాద్రి మీద ఇదే చూశాం. దసరా ఉత్సవాల్లో మూలానక్షత్రం రోజు, ముఖ్యమంత్రి అమ్మవారి దర్శనానికి రావడానికి కొద్దిసేపటి ముందు, కొండ మీంచి రాళ్లు విరిగిపడ్డాయి. ఆ ముందు రోజుల్లో బాగా వానలు కురిశాయి. 2021 డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండలు పడి రోడ్డు దెబ్బతిన్నదీ నవంబరు కుంభవృష్టి తర్వాతే. ఆ గంటలో పడిన వాన కంటే, అంతకుముందు పడి కొండ కడుపులో మిగిలిపోయిన వాన ఎక్కువ లెక్కలోకి వస్తుంది.

ఈ సంగతిని అంకెల్లోకి తెచ్చే ప్రయత్నం 1980లో నెల్ కెయిన్ అనే భూస్వరూప శాస్త్రజ్ఞుడు చేశాడు. ప్రపంచం నలుమూలల జరిగిన 73 ఘటనల వానలెక్కలు తీసుకుని, ఎంత తీవ్రతతో ఎంతసేపు పడితే చరియలు విరుగుతాయో ఒక గీత గీశాడు. గంటసేపు పడే వాన అయితే దాదాపు 15 మిల్లీమీటర్లు. అదే రోజంతా పడితే గంటకు 4 మిల్లీమీటర్ల పైచిలుకు చాలు, అంటే 24 గంటల్లో 100 మిల్లీమీటర్లు. ఇది కనీసపు గీత. దాటిన ప్రతిసారీ కొండ పడదు. దాటకపోతే మాత్రం పడటం అరుదు. ఆగస్టు 31న బెజవాడ ఆ గీతను ఎంతో దూరం దాటిపోయింది. ఒక్కో ప్రాంతం రాయి, మట్టి, వాలు వేరు కాబట్టి ప్రతి కొండకూ తనదైన గీత ఉండాలి. బెజవాడ కొండలకు అది గీసి, వానమాపకం పక్కన పెట్టుకుని చూడటం మన ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు చేయదగ్గ పని.

మంచుకొండకూ మట్టికొండకూ ఒక పెద్ద తేడా ఉంది, అది మనకు అననుకూలం. మంచువాలు రాత్రి చలికి మళ్లీ గడ్డకడుతుంది. అందుకే ఎరిగినవాళ్లు తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నానికి ముందే వాలు దిగిపోతారు. రాత్రి మబ్బు పట్టి చలి రాకపోతే, మంచు గడ్డకట్టకపోతే, ఆ రోజు ప్రయాణమే మానుకుంటారు. పైగా తడి మంచు ముందుగా చెప్పి జారుతుంది. రాళ్ల పక్కన, చెట్ల కింద చిన్న ఉండలు పుట్టి, దొర్లుతూ దొర్లుతూ చక్రాల్లా పెరిగి, వెనక గాడి వదులుతూ దిగుతాయి. అడుగు వేస్తే మోకాలిదాకా కూరుకుపోతుంది. ఈ రెండూ కనిపించాక ఆ వాలు మీద ఉండటం మొండితనం. మన కొండకు అలాంటి రాత్రి లేదు. తాగిన నీరు వదలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా ఇంకో వాయుగుండం వస్తే మొదటిదాని మీద రెండోది పడుతుంది.

సూచనలు మాత్రం మన కొండా ఇస్తుంది. వాటిని చూడాల్సినవాళ్లు అక్కడే కాపురం ఉంటున్నారు. చిట్టినగర్, విద్యాధరపురం, గుణదల, మొగల్రాజపురం వాలుల మీద వేల కుటుంబాలున్నాయి. పట్నంలో చోటు దొరక్క, పనికి దగ్గరగా ఉంటుందని కొండెక్కినవాళ్లు. ఇల్లు కట్టాలంటే వాలును అడ్డంగా కోయాలి. వెనక కోసిన మట్టిని ముందుకు పోసి చదును చేస్తారు. వెనక నిటారు కోత, ముందు పోసిన వదులు మట్టి, రెండూ బలహీనమే. దాని మీద బరువు, పక్కన మరుగుదొడ్డి గుంట, మెట్ల వెంట కారే కుళాయి పైపు. వాన లేని రోజుల్లో కూడా వాలుకు నీరు తాగించే ఏర్పాటు ఇది. అక్కడి మనుషుల మీద తప్పు మోపడం అన్యాయం. చదును నేల మీద వాళ్లకు చోటు చూపనిది ఊరే.

వెనక కట్టే రక్షణ గోడను దగ్గరగా చూడండి. మంచి గోడలో వరుసగా బెజ్జాలు ఉంటాయి, ఒక్కోదాంట్లో చిన్న పైపు ముక్క. గోడ వెనక గులకరాళ్లు పోసి ఉంటే నీరు వాటిగుండా వచ్చి ఆ బెజ్జాల్లోంచి కారుతుంది. కారుతున్నంతసేపూ గోడ తన పని చేస్తున్నట్టే. మట్టి పేరుకునో, మొక్క మొలిచో, సున్నం వేసేటప్పుడు మూసుకుపోయో ఆ బెజ్జాలు ఆగిపోతే, గోడ ఆపాల్సింది మట్టిని మాత్రమే కాదు, దాని వెనక నిలిచిన నీటిని కూడా. మట్టికోసం లెక్కకట్టిన గోడ నీటికి ఆగదు. వానాకాలానికి ముందు ఇనుప ఊచ పట్టుకుని బెజ్జాలన్నీ పొడిచి చూసుకోవడం అరపూట పని. కోట్ల రూపాయల గోడకంటే ముందు కావలసింది కొండపైన అడ్డంగా తవ్వి, సిమెంటు పూసిన కాలవ. పైనుంచి వచ్చే నీటిని ఇళ్ల వెనకకు చేరకుండా పక్కకు మళ్లించే కాలవ. ఇనుప వలలు, రాతిలో దిగేసిన బోల్టులు రోడ్ల మీద పడే రాళ్లను ఆపుతాయి. నీటిని అవి ఆపలేవు.

ముందస్తు హెచ్చరిక విషయంలో మంచుదేశాలు మనకంటే చాలా ముందున్నాయి. స్విట్జర్లాండ్‌లోని దావోస్ పరిశోధన సంస్థ చలికాలంలో రోజుకు రెండుసార్లు మంచుచరియల ప్రమాద ప్రకటన ఇస్తుంది. 1993 నుంచి ఐరోపా దేశాలు ఒకే అయిదు మెట్ల కొలమానం వాడుతున్నాయి. మూడో మెట్టు అంటే ఏమిటో అక్కడి ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. మన దేశంలోనూ సైన్యం కోసం 1969లో మనాలీలో మంచు అధ్యయన సంస్థ పెట్టారు. కొండచరియలకు అలాంటి ఏర్పాటు ఇటీవలే మొదలైంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దేశమంతటా చరియల ముప్పు పటాలు గీయడం చేపట్టింది. 2024 జులై 19న కోల్‌కతాలో జాతీయ కొండచరియల అంచనా కేంద్రాన్ని కేంద్రమంత్రి జి. కిషన్‌రెడ్డి ప్రారంభించారు. డార్జిలింగ్, కాలింపాంగ్, నీలగిరి జిల్లాలకు ప్రకటనలు మొదలయ్యాయి. పదకొండు రోజులకు వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్లు మట్టిలో కలిసిపోయాయి. ఇంకో నెలకు మొగల్రాజపురం. హిమాలయాలు, పడమటి కనుమలు తప్ప మిగతా కొండలు లెక్కలోవి కావనే అలవాటు మానాలి. ఎత్తు తక్కువైనా, కొండ కిందే ఇళ్లున్నప్పుడు ముప్పు తక్కువ కాదు.

ఆ ప్రకటన బెజవాడకు వచ్చేదాకా కొండ మీదివాళ్లు చేయగలిగింది చాలానే ఉంది. ఒక రాత్రీ పగలూ కలిపి వంద మిల్లీమీటర్లు కురిస్తే, ఇల్లు కొండకోతకు ఆనుకుని ఉంటే, ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు. వంద మిల్లీమీటర్లు తెలియడానికి పరికరం కావాలని లేదు. నిలువు గోడల డబ్బాను ఆరుబయట పెట్టి, నిలిచిన నీటిని స్కేలుతో కొలిస్తే చాలు, పది సెంటీమీటర్లు. ఎప్పుడూ లేనిచోట ఊట పుట్టినా, తేటగా వచ్చే ఊట మట్టిరంగుకు మారినా, రోజూ కారే బెజ్జం వానలో ఉన్నట్టుండి ఆగినా, మెట్లలో కొత్త బీట కనిపించినా, తలుపు చట్రానికి బిగుసుకున్నా, పైనుంచి చిన్న రాళ్లు దొర్లినా తెల్లారేదాకా ఆగకూడదు. వాన వెలిసిన వెంటనే తిరిగి రావడమూ ప్రమాదమే. పైన పడిన నీరు బంకపొర దాకా దిగడానికి గంటలు, రోజులు పడుతుంది కాబట్టి, లోపలి ఒత్తిడి వాన తగ్గాక కూడా పెరుగుతూ ఉండొచ్చు. కనీసం రెండు పొడి రోజులు గడిచాక, వెలుతురులో ముందు గోడ బెజ్జాలు, వెనక కోత చూసుకుని, అప్పుడు పిల్లల్ని తీసుకురావాలి.